ఓటు వేసిన మనకు లేని అధికారం గెలిచినవారికి ఎక్కడి నుంచి వస్తున్నది?

శాయంపేట సాగు

సభ్యులందరికీ నమస్కారం. మా శివారు మీదుగా వెళ్ళే జాతీయ రహదారికి భూములు తీసుకుంటున్నట్లు పత్రికలో ప్రకటన పడింది. జాతీయ రహదారుల చట్టం, 1956 ప్రకారం మొదట 3-ఏ ప్రకటన వస్తుంది. అది వెలువడిన 21 రోజుల్లో అభ్యంతరాలు చెప్పుకోవాలి. ఆ తర్వాత 3-డీ ప్రకటన వచ్చిందంటే ఆ భూమి సకల హక్కులతో కేంద్ర ప్రభుత్వానిదైపోతుంది. నా సర్వే నంబరు ఆ పట్టికలో ఉన్నది. పరిహారం ఎంత రావాలి, ఎవరికి ఎక్కువ వచ్చింది అనే విషయాలు ఇక్కడ అడగడం లేదు. అంతకన్నా ముందున్న ప్రశ్న ఒకటి నన్ను వదలడం లేదు.

నా గట్టు పక్క రైతు తన బాట కోసం నా పొలంలో రెండు గుంటలు బలవంతంగా కలుపుకుంటే అది దౌర్జన్యం. ఆయన పదిమందిని వెంటబెట్టుకొని వచ్చినా దౌర్జన్యమే. ఊరంతా ఒక్కటై వచ్చి నాకు ఇష్టం లేకున్నా తీసుకుంటే, వచ్చినవారి సంఖ్య పెరిగిందే తప్ప జరిగిన పని మారలేదు. మరి అదే ఊరివారు, అటువంటి వేల ఊళ్ళవారు ఓటు వేసి కొందరిని సభకు పంపితే, ఆ సభ చేసిన చట్టంతో అదే పని న్యాయమవుతున్నది. మనలో ఏ ఒక్కరి దగ్గరా లేనిదాన్ని మనమందరం కలిసి ఇంకొకరికి ఎట్లా ఇవ్వగలిగాం? పన్ను వేయడం, మనిషిని జైలులో పెట్టడం కూడా ఇటువంటివే. పార్టీల పేర్లు తేకుండా, తెలిసినవారు వివరంగా రాయాలని కోరుతున్నాను.

కోర్టు చౌరస్తా

శాయంపేట గారూ, మీ ప్రశ్నకు బలమంతా ఒక పోలిక నుంచి వస్తున్నది. ప్రజాప్రతినిధి అంటే మనం జీపీఏ (మన తరఫున వ్యవహరించే అధికారపత్రం) రాసిచ్చిన మనిషి అని మీరు అనుకుంటున్నారు. జీపీఏ విషయంలో మీరు చెప్పింది అక్షరాలా నిజం. భూమి నాది కానప్పుడు దాన్ని అమ్మే అధికారం నేను ఇంకొకరికి రాసివ్వలేను, రాసిచ్చినా సబ్ రిజిస్ట్రారు కార్యాలయం దాటిన తర్వాత కోర్టులో అది నిలవదు. కానీ శాసనసభ్యుడు ఆ అర్థంలో మన ఏజెంటు కాడు. కాంట్రాక్టు చట్టం, 1872 కింద ఏజెంటును పెట్టుకున్నవాడు సాధారణంగా ఎప్పుడైనా తీసివేయవచ్చు. ఎమ్మెల్యేను మధ్యలో మనం వెనక్కి పిలవలేము. ఏజెంటు తనను పెట్టుకున్నవాడి కోసమే పనిచేస్తాడు. ఎమ్మెల్యే తనకు ఓటు వేయనివారికీ, ఓటు వయసు రాని పిల్లలకూ, ఇంకా పుట్టనివారికీ వర్తించే చట్టాల మీద ఓటు వేస్తాడు.

మరొక మాట. విడిగా చూస్తే ఎంపీకి గానీ ఎమ్మెల్యేకు గానీ మీ పొలం మీద చట్టపరంగా ఏ అధికారమూ లేదు. ఆయన ఒక్క గుంట తీసుకోలేడు, ఒక్క రూపాయి పన్ను వేయలేడు. చట్టం చేసే అధికారాన్ని రాజ్యాంగంలోని 245, 246 అధికరణాలు సభకు ఇచ్చాయి. చట్టం లేనిదే పన్ను వేయరాదని 265వ అధికరణం, చట్టం లేనిదే ఎవరి ఆస్తినీ తీసుకోరాదని 300-ఏ అధికరణం చెబుతున్నాయి. కాబట్టి అధికారం పదవిలో, సభలో, చట్టంలో ఉన్నది. గెలిచిన మనిషిలో లేదు.

వ్యక్తిగా కూడా ప్రతినిధికి అదనంగా దక్కేవి కొన్ని ఉన్నాయి. సభలో అన్న మాటకు కోర్టులో జవాబు చెప్పనక్కరలేదని 105, 194 అధికరణాలు రక్షణ ఇస్తాయి. అదే మాట మనం చౌరస్తాలో అంటే పరువునష్టం దావా ఎదుర్కోవాలి. ఆ రక్షణ చాటున లంచం తీసుకొని ఓటు వేసినా ప్రాసిక్యూషన్ ఉండదని 1998లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని కొట్టివేసింది. సభ పని సాగడానికి అవసరమైనంత మేరకే ఆ హక్కు అని స్పష్టం చేసింది. ఆ తీర్పు రావడానికి 26 ఏళ్ళు పట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉన్నది.

హాస్టల్ ఐదో అంతస్తు

న్యాయవాది గారి వివరణ బాగున్నది, కానీ ప్రశ్న పక్క మెట్టు మీదికి జరిగింది, అంతే. సభకు అధికారం రాజ్యాంగం ఇచ్చిందన్నారు. రాజ్యాంగానికి ఎవరు ఇచ్చారు? "భారత ప్రజలమైన మేము" అని అందులో రాసి ఉన్నది. ఆ ప్రజలు విడివిడిగా మనుషులే కదా. ఒక్కొక్కరికీ లేనిది అందరికీ కలిపి ఎక్కడి నుంచి వచ్చింది?

మన ప్రాంతం సంగతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది. రాజ్యాంగ సభకు బ్రిటిష్ పాలిత ప్రాంతాల సభ్యులను 1946లో ప్రాంతీయ శాసనసభలు ఎన్నుకున్నాయి, ఆ శాసనసభలకు కూడా వయోజనులందరూ ఓటు వేయలేదు. హైదరాబాద్ సంస్థానం నుంచి ఆ సభలో ప్రజలు పంపిన ప్రతినిధులే లేరు. 1949 నవంబర్ 23న నిజాం ఫర్మానా జారీ చేసి, ఆ రాజ్యాంగం మనకు వర్తిస్తుందని ప్రకటించాడు. మా తాతల కాలంలో ఓరుగల్లులో బతికిన మనిషి ఎవరికి, ఎప్పుడు, ఏ అధికారం అప్పగించినట్లు? తొలి సాధారణ ఎన్నికల్లో ఓటు వేసే నాటికి ఆట నియమాలన్నీ రాసి పెట్టి ఉన్నాయి. ఓటు వేయడమే సమ్మతి అంటే, వేయకుండా ఉన్నవాడికి చట్టం వర్తించకూడదు. వర్తిస్తున్నది. అంటే సమ్మతి అనే మాటను కారణంగా చూపడం మానివేయాలి. నా వరకు జవాబు ఒక్కటే. ఒక మనిషి చేస్తే తప్పయిన పని, ఎందరు చేతులెత్తినా తప్పే.

సుబేదారి అధ్యాపకుడు

ఈ చర్చలోకి కొంచెం ఆలస్యంగా వచ్చాను, అందువల్ల కొంచెం పెద్దగా రాస్తున్నాను, సభ్యులు మన్నించాలి. రాజనీతి శాస్త్రం చాలా ఏళ్ళు బోధించిన నాకు ఈ ప్రశ్న పాతదే అయినా, శాయంపేట సోదరుడు గట్టు మీద నిలబడి అడిగినప్పుడు దాని పదును వేరుగా ఉన్నది.

తన దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువ అధికారం ఎవరూ ఇంకొకరికి బదిలీ చేయలేరని 1689లో జాన్ లాక్ స్పష్టంగానే రాశాడు. అయితే ఆయన తన వాదాన్ని నిలబెట్టుకోవడానికి ఇంకొక మాట కూడా చెప్పాల్సి వచ్చింది. ప్రభుత్వం లేని స్థితిలో, తప్పు చేసినవాణ్ణి శిక్షించే అధికారం ప్రతి మనిషికీ ఉంటుందని అన్నాడు. అది విడ్డూరమైన సిద్ధాంతంగా కొందరికి తోచవచ్చునని తానే ఒప్పుకున్నాడు. ఆ లెక్కన పోలీసు, కోర్టు, జైలు అన్నీ మన దగ్గర ముందే ఉన్న అధికారాలకు సామూహిక రూపాలు. ఈ ఆలోచన జాడ మన చట్టాల్లో ఇప్పటికీ ఉన్నది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, తన కళ్ళ ముందు బెయిలు లేని, వారంటు అక్కరలేని నేరం చేసినవాణ్ణి మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చు. ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. ఆత్మరక్షణ హక్కు కూడా అందరికీ ఉన్నదే. కాబట్టి జైలు విషయంలో శాయంపేట గారి ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. పూర్తి శూన్యం నుంచి ఆ అధికారం పుట్టలేదు.

పన్ను, భూమి విషయంలో లాక్ తడబడ్డాడని నా అభిప్రాయం. ఎవరి ఆస్తినైనా అతని సమ్మతి లేకుండా అత్యున్నత అధికారం కూడా తీసుకోరాదని ఒకచోట గట్టిగా అంటాడు. పన్నుల దగ్గరికి వచ్చేసరికి, అతని సమ్మతి అంటే మెజారిటీ సమ్మతి, అది వారే ఇచ్చినా వారి ప్రతినిధులు ఇచ్చినా సరే అంటాడు. నా సమ్మతి మెజారిటీ సమ్మతిగా ఏ వాక్యం దగ్గర మారిపోయిందో ఎన్నిసార్లు చదివినా నాకు దొరకలేదు. ఐదో అంతస్తు మిత్రుడు పట్టుకున్నది సరిగ్గా ఈ బీటనే.

అయితే ఒక మనిషి దగ్గర లేనంత మాత్రాన ఏ అధికారమైనా అక్రమమైనదని అనడానికి నేను సిద్ధంగా లేను. కొన్ని అధికారాలు ఒక్కడి దగ్గర ఉండటానికే వీలు లేనివి. ఇద్దరు రైతులకు గట్టు తగాదా వచ్చిందనుకోండి. హద్దు ఎక్కడో తేల్చే అధికారం ఇద్దరిలో ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా. తన తగాదాకు తానే తీర్పరి అయితే అది తీర్పే కాదు. కానీ తేల్చే మనిషి ఒకరు లేకపోతే ఇద్దరూ బతకలేరు. ఆ మూడో మనిషి అధికారం మొదటి ఇద్దరి నుంచి కొంత కొంత తీసి కలిపినది కాదు. ముగ్గురు ఉన్నప్పుడే అది ఉనికిలోకి వస్తుంది.

మన ఊళ్ళ నీరడిని చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువుల కింద గానీ, చిన్న గొలుసుకట్టు చెరువుల కింద గానీ, తూము ఎత్తేది నీరడి ఒక్కడే. ఎంత పెద్ద పటేలు అయినా రాత్రిపూట పోయి తన మడికి తూము ఎత్తుకుంటే ఊరు ఊరుకునేది కాదు. యాసంగిలో నీళ్ళు చాలకపోతే తైబందీ నిర్ణయించి, ఈసారి ఏ పొలాలకు పారాలో, ఏవి బీడు పడాలో ముందే చెప్పేవారు. పార భుజాన వేసుకొని కాలువ వెంట తిరుగుతూ, ఒకరి మడి నిండగానే మడవ కట్టేసి ఇంకొకరి మడికి తిప్పే ఆ మనిషికి సొంత పొలం ఉండకపోవచ్చు కూడా. పక్క రైతు మడికి పోయే నీళ్ళను ఆపే అధికారం ఏ రైతుకూ లేదు, నీరడికి ఉన్నది. రైతులు ఆయనకు తమ దగ్గర ఉన్నదేదో ఇచ్చారని అనలేము. అందరి పంటా బతకాలంటే ఎవరి చేతిలోనూ ఉండకూడనిది ఆయన చేతిలో పెట్టారు.

ఆర్మూర్ పసుపు

అధ్యాపకుల వారికి నమస్కారం. నీరడి గురించి మీరు రాసింది చదువుతుంటే మనసుకు హాయిగా ఉన్నది. కానీ ఊరు నలుగురూ కలిసి ఒకరి చేతిలో పెట్టిన అధికారం ఎట్లా ఉంటుందో మా వైపు ఇంకొక రూపంలో చూస్తున్నాం.

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ జిల్లాల్లో చాలా ఊళ్ళలో గ్రామాభివృద్ధి కమిటీలు ఉన్నాయి. అందరూ వీడీసీ అంటారు. కులానికి ఇద్దరు ముగ్గురు చొప్పున పెద్దమనుషులు కూర్చుంటారు. గుడి కట్టించడం, బోరు వేయించడం వంటి మంచి పనులు అవి చేసిన మాట కూడా నిజం. కానీ అవి జరిమానాలు వేస్తాయి, బెల్టు షాపులకు వేలం పాడిస్తాయి, చెప్పినట్లు విననివారిని బహిష్కరిస్తాయి. ఈ అధికారాల్లో ఒక్కటి కూడా వాటికి ఏ చట్టమూ ఇవ్వలేదు. ఊరు ఒప్పుకున్నది, అంతే.

మా బంధువుల ఊరిలో ఒక కుటుంబం జరిమానా కట్టనన్నది. మరునాడు డప్పు చాటింపు వేయించారు. వారితో మాట్లాడినవారికి కూడా జరిమానా అన్నారు. కిరాణా దుకాణం ముందు ఆ ఇంటి చిన్నపిల్ల పది రూపాయల నోటు పట్టుకొని నిలబడితే దుకాణదారు పాల ప్యాకెట్టు ఇవ్వకుండా తల తిప్పుకోవడం నేను చూశాను. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. పసుపు తవ్వకాల కాలం అది. కూలీలు రాలేదు, ఉడకబెట్టే బాయిలరు కిరాయికి దొరకలేదు. తవ్విన కొమ్ము కళ్ళంలోనే ఉండిపోయింది. పోలీసు స్టేషనుకు పోయిన తర్వాత గానీ, అది కూడా చాలా రోజులకు గానీ, ఊరు దారికి రాలేదు.

శాయంపేట అన్నా, ఇక్కడ మీరు అడిగిన లెక్క సరిగ్గా ఉన్నది. ఎవరికీ లేని అధికారాన్ని అందరూ కలిసి పుట్టించారు. సర్పంచు అంటే లేని భయం ఆ కమిటీ అంటే ఉన్నది. ఎందుకంటే సర్పంచు మీద కలెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు, కోర్టుకు పోవచ్చు, ఐదేళ్ళకు దింపవచ్చు. కమిటీ మీద ఎవరి దగ్గరికి పోవాలి? ఆ కుటుంబాన్ని కాపాడినది చివరికి చట్టమే. ఆ చట్టం చేసినవారికి అధికారం ఎక్కడిది అని అడిగే ఓపిక ఆ రోజుల్లో వారికి లేదు.

హాస్టల్ ఐదో అంతస్తు

ఆర్మూర్ గారూ, మీరు చెప్పిన సంఘటన చదివి చాలా బాధ కలిగింది. కానీ ఇది నా వాదానికే ఆధారమని మనవి చేస్తున్నాను. ఊరంతా ఒప్పుకున్నా అది తప్పేనని మనం అందరం ఒప్పుకుంటున్నాం. అంటే సంఖ్య న్యాయాన్ని పుట్టించదు. అదే సంఖ్య శాసనసభలో ఎట్లా పుట్టిస్తుందో ఎవరైనా చెప్పాలి.

భూసేకరణ చట్టం, 2013లోనే ఈ ఇబ్బంది కనిపిస్తుంది. ప్రైవేటు కంపెనీ కోసమైతే ప్రభావిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం సమ్మతి కావాలన్నారు. నేరుగా ప్రభుత్వం కోసమే అయితే ఆ సమ్మతి అక్కరలేదన్నారు. సమ్మతి అవసరమే అయితే అందరి దగ్గరా అవసరం. మిగిలిన 20 శాతం కుటుంబాల సంగతి ఏమిటి?

మాజీ వార్డు సభ్యురాలు

నేను ఒక చిన్న పంచాయతీలో ఐదేళ్ళు వార్డు సభ్యురాలిగా పనిచేశాను. పుస్తకాల సంగతి నాకు అంతగా తెలియదు గానీ, చూసింది చెబుతాను. మా ఇంటి పక్కవారి ఇంటి పన్ను ఎంతో నిర్ణయించే అధికారం నాకు గానీ సర్పంచుకు గానీ విడిగా ఎన్నడూ లేదు. పంచాయతీ సమావేశం జరిగి తీర్మానం రాసి సంతకాలు అయితేనే ఏదైనా. 2018 చట్టం వచ్చిన తర్వాత చెక్కు మీద సర్పంచుతో పాటు ఉపసర్పంచు సంతకం కూడా ఉండాలి. ఇద్దరికీ పడని ఊళ్ళలో వీధి దీపాల బిల్లు కూడా ఆగిపోయింది. అధికారం మనిషిది కాదని అప్పుడు నాకు బాగా తెలిసింది.

ఇంకొకటి కూడా గమనించండి. 2024 ఫిబ్రవరిలో మా పదవీకాలం ముగిసింది, ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. మధ్యలో దాదాపు రెండేళ్ళు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైనవారు ఒక్కరూ లేకపోయినా ఇంటి పన్ను వసూలు ఆగలేదు. కాబట్టి ఓటు వల్లనే అధికారం పుడుతుందనే మాట కూడా పూర్తిగా సరిపోదు. ఓటు లేని ఆ కాలంలో, మోరీ నిండింది ఎందుకు తీయించలేదని అడగడానికి మాకు మనిషి లేకుండా పోయాడు. ఓటు ఇచ్చేది అడిగే హక్కు అని నాకు అనిపిస్తున్నది.

కోర్టు చౌరస్తా

సభ్యురాలు గారు చెప్పింది నా మొదటి పోస్టు కన్నా స్పష్టంగా ఉన్నది. ఐదో అంతస్తు మిత్రునికి జవాబుగా కొంచెం రాస్తాను.

శాసనసభలో చేతులెత్తినందువల్లనే ఒక పని న్యాయమవుతుందని మన రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7-6 తేడాతో, మూడింట రెండు వంతుల మెజారిటీ ఉన్న పార్లమెంటు కూడా రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చలేదని చెప్పింది. శిక్ష పడిన సభ్యులు అప్పీలు పేరుతో పదవిలో కొనసాగే వెసులుబాటును తమ కోసం తామే చట్టంలో పెట్టుకుంటే, 2013లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2024 మేలో ఇంకొక తీర్పులో, 300-ఏ అధికరణంలో ఏడు హక్కులు ఇమిడి ఉన్నాయని వివరించింది. ముందుగా నోటీసు, అభ్యంతరం వినడం, కారణాలతో కూడిన నిర్ణయం, ప్రజా ప్రయోజనం, న్యాయమైన పరిహారం, ఆలస్యం లేని ప్రక్రియ, చివరికి దానిని పూర్తిచేయడం. చట్టం ఉన్నది కదా అని ఇవి లేకుండా భూమి తీసుకుంటే అది చెల్లదు.

వీడీసీకి, సభకు తేడా ఇక్కడే ఉన్నది. వీడీసీ జరిమానా ఫలానా ఇంటి మీద పడుతుంది, ఆ ఇంటిని చూసే పడుతుంది. చట్టం ముందే ప్రకటించి, అందరికీ ఒకే రీతిగా, చేసినవారికి కూడా వర్తించాలి. తప్పనిపిస్తే దానిని ప్రశ్నించే చోటు దానికి బయట ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా అది ఎన్నికైన సభ చేసినా, ఆర్మూర్ గారు చూసిన కమిటీ చేసినదానికి దగ్గరవుతుంది.

డీజిల్ కాలనీ, కాజీపేట

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తీరును ఎవరూ ప్రస్తావించకపోవడం ఆశ్చర్యంగా ఉన్నది. రాష్ట్ర సరిహద్దు గీసే అధికారం నాకు లేదు, మీకు లేదు, మన అందరికీ కలిపి కూడా లేదు. 1969లో కావాలన్నాం, రాలేదు. 3వ అధికరణం ఆ అధికారాన్ని పార్లమెంటుకు ఒక్కదానికే ఇచ్చింది, రాష్ట్ర శాసనసభ అభిప్రాయం మాత్రమే చెప్పగలదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి, జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ప్రతి మనిషి సమ్మతి, కనీసం ఉమ్మడి రాష్ట్రంలోని మెజారిటీ సమ్మతి తప్పనిసరి అని ఉంటే తెలంగాణ ఎప్పటికీ వచ్చేది కాదు. ఐదో అంతస్తు తమ్ముడు దీనికి ఏమంటాడు?

హాస్టల్ ఐదో అంతస్తు

అన్నా, నేను తెలంగాణ ఏర్పాటును మనస్ఫూర్తిగా కోరుకున్న కుటుంబం నుంచి వచ్చాను. కానీ ఫలితం మంచిదైతే అధికారం ఉన్నట్లేనని ఒప్పుకుంటే, రేపు అదే అధికారంతో మనకు ఇష్టం లేని ఫలితం వచ్చినప్పుడు నోరు మెదపలేము. 2019లో జమ్మూ కశ్మీరును రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా విభజించినప్పుడు కూడా వాడింది ఇదే 3వ అధికరణం. అప్పుడు అక్కడ శాసనసభే లేదు.

మంథని తోవ

శాయంపేట గారిని ఒక మాట అడగాలని ఉన్నది, తప్పుగా భావించవద్దు. ఇప్పుడు పోతున్న ఆ భూమి మీ కుటుంబానికి ఎట్లా వచ్చింది?

శాయంపేట సాగు

మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న, తప్పుగా ఎందుకు అనుకుంటాను. మా తాత ఆ భూమికి రక్షిత కౌలుదారు. హైదరాబాద్ కౌలుదారీ చట్టం, 1950 కింద ఆయన పేరు రిజిస్టరులో ఎక్కింది, ఆ తర్వాత భూమి ఆయనదేనని చెప్పే 38-ఈ సర్టిఫికెట్టు వచ్చింది. పసుపు రంగుకు తిరిగిన ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో రేకు పెట్టెలో ఉన్నది. దొరగారి సమ్మతి ఎవరూ అడగలేదు. మీరు ఎటు తీసుకుపోతున్నారో నాకు అర్థమైంది.

మంథని తోవ

అవును. దొర ఇష్టం లేకుండా ఆయన భూమిని మీ తాతగారు తీసుకోలేకపోయేవారు. తీసుకోబోయినవారికి ఏమి జరిగిందో, సొంతంగా కౌలు చేసుకుంటున్న భూమిని నిలుపుకోవడానికే పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ ఎంత కొట్లాడవలసి వచ్చిందో మనకు తెలుసు. జాగీర్ల రద్దు 1949లో జరిగింది. అప్పుడు ఎన్నికైన సభ కూడా లేదు, మిలిటరీ గవర్నరు రెగ్యులేషనుతో జరిగింది. ఏ ఒక్క కౌలుదారుకూ లేని అధికారాన్ని రాజ్యం వాడినందువల్లనే ఈ జిల్లాల్లో చాలా మందికి పట్టా అనేది ఉన్నది. ఒక మనిషి చేస్తే తప్పయినది ఎవరు చేసినా తప్పే అని ఐదో అంతస్తు మిత్రుడు అంటే, ఆ పట్టాలన్నీ దొంగసొత్తు అనవలసి వస్తుంది. ఆయన ఆ మాట అంటారని నేను అనుకోను.

హాస్టల్ ఐదో అంతస్తు

అనను. కానీ కారణం వేరు. దొరకు ఆ భూమి న్యాయంగా దక్కినది కాదు. వెట్టితో, దొంగ లెక్కలతో, బలవంతంతో కూడబెట్టినది. తన చెమటతో సాగు చేసిన కౌలుదారుదే అసలు హక్కు. లాగేసుకున్నదాన్ని తిరిగి ఇప్పించే హక్కు ప్రతి మనిషికీ ఉంటుంది. కాబట్టి 38-ఈ నా సూత్రానికి విరుద్ధం కాదు. శాయంపేట గారి నుంచి రోడ్డుకు తీసుకోవడం విరుద్ధం. ఆయన ఎవరి దగ్గరా లాక్కోలేదు.

సుబేదారి అధ్యాపకుడు

ఇది ఈ చర్చలో వచ్చిన మంచి జవాబుల్లో ఒకటి. అయినా ఒక చిక్కు ఉన్నది. ఏ భూమి న్యాయంగా వచ్చింది, ఏది బలవంతంగా వచ్చింది అని తేల్చాల్సింది ఎవరు? కౌలుదారు తేలిస్తే తన తగాదాకు తానే తీర్పరి, దొర తేల్చినా అంతే. దున్నిన ప్రతివాడి పేరునూ రిజిస్టరులో ఎక్కించే నియమం ఒకటి కావాలి, దానిని అందరికీ వర్తింపజేసే చెయ్యి ఒకటి కావాలి. మీరు వదిలించుకోవాలనుకున్న అధికారమే మళ్ళీ తలుపు దగ్గర నిలబడుతున్నది.

ఏటూరునాగారం అడవి

మా ఏజెన్సీ సంగతి ఇక్కడ చెప్పాలి. 1970 నాటి ఒకటి బై డెబ్భై రెగ్యులేషను ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరునికి బదిలీ చేస్తే అది చెల్లదు. అంటే కోయ రైతు తన సొంత భూమిని కూడా ఇష్టం వచ్చినవారికి అమ్మలేడు. ఒక మనిషి అధికారాన్ని తగ్గించి అతణ్ణే కాపాడిన చట్టం ఇది. ఇది లేకపోతే మా ఊళ్ళలో మాకు భూమి మిగిలేది కాదు.

అయితే షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీలను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం వేరే దారి చూపింది. భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలన్నది. గ్రామసభ అంటే ఓటర్ల జాబితాలో ఉన్న ప్రతి మనిషీ. ప్రతినిధులు కారు. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల్లో గని తవ్వే విషయంలో అటవీ హక్కుల చట్టం ఆధారంగా సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. 12 గ్రామసభలూ గనిని వద్దన్నాయి, గని రాలేదు. ప్రతినిధి దగ్గర ఉన్న అధికారాన్ని ఆ మేరకు తిరిగి మనుషుల దగ్గరికి తెచ్చుకోవచ్చునని నేను దీని నుంచి గ్రహించాను. మా దగ్గర సంప్రదించడం అంటే చాలాసార్లు సంతకాల కాగితం తిప్పడమే అవుతున్నదన్న బాధ కూడా ఉన్నది. మైదాన ప్రాంతపు రైతులకు ఆ కాగితం కూడా లేదు.

శాయంపేట సాగు

అందరికీ కృతజ్ఞతలు. 38-ఈ గురించి మంథని గారు అడిగిన తర్వాత, అటువంటి అధికారమే ఉండకూడదని నేను అనలేను. మా తాతను నిలబెట్టిన చెయ్యి అది. కానీ మెజారిటీ అనుకుంటే చాలు అన్న మాటను కూడా ఒప్పుకోను. 2022లో వరంగల్ చుట్టూ ఉన్న గ్రామాల్లో ల్యాండ్ పూలింగుకు పూనుకున్నప్పుడు రైతులు ఎదురు తిరిగారు, ప్రభుత్వం వెనక్కి తీసుకున్నది. అది అడిగినందువల్ల జరిగింది. నీరడి తూము మూసినప్పుడు ఎందుకు మూశాడో ఆయకట్టు అంతా చూస్తున్నది. నా పొలం ఎందుకు, పక్కనున్న ప్రభుత్వ బంచరు ఎందుకు కాదు అనే మాటకు ఎవరు జవాబు చెబుతారో నాకు ఇంతవరకు తెలియలేదు. కోర్టు చౌరస్తా గారు ఆ ఒక్క సంగతి చెప్పగలరా?

కోర్టు చౌరస్తా

3-సీ సెక్షన్ కింద 21 రోజుల్లోపు లిఖితపూర్వకంగా, కారణాలతో అభ్యంతరం ఇవ్వండి. దానిని వినవలసినది కేంద్ర ప్రభుత్వం నియమించిన కాంపిటెంట్ అథారిటీ. మిమ్మల్ని స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ విని తీరాలి. ఆయన ఇచ్చే ఉత్తర్వు ఆ చట్టం ప్రకారం తుది ఉత్తర్వు. ఆ తర్వాత మిగిలేది హైకోర్టులో రిట్ ఒక్కటే. ఆయన రెవెన్యూ అధికారి, ఎన్నికైన మనిషి కాడు. ఈ సెక్షన్లను పార్లమెంటు 1997లో చేర్చింది. మీ పొలం గురించి అక్కడ ఎవరూ చర్చించలేదు, చర్చించడం కుదరదు కూడా. చట్టం చేయడంలోని ముఖ్యమైన పనిని సభ ఇంకొకరికి అప్పగించరాదని సుప్రీంకోర్టు 1951లోనే చెప్పింది గానీ, ఏ సర్వే నంబరు తీసుకోవాలన్నది ఆ ముఖ్యమైన పని కిందికి రాదు. అందువల్ల మీ ప్రశ్నలో సగం ఎంపీని అడగవలసినదైతే, మిగిలిన సగం ఈ అధికారిని అడగవలసినది. అభ్యంతరంలో పార్లమెంటుకు అధికారం లేదని రాయవద్దు, దానిని ఆయన తేల్చలేడు. అలైన్‌మెంటు నక్షా నకలు అడగండి, బంచరు సర్వే నంబర్లు రాయండి, మీ పొలంలో బావి, బోరు ఎక్కడున్నాయో గుర్తించి జతచేయండి. విచారణ తేదీ నోటీసు రాకపోతే ఆ విషయం వెంటనే ఇక్కడ రాయండి. వినకుండా ఇచ్చిన ఉత్తర్వును 2024 మే తీర్పు ఆధారంగా హైకోర్టులో ప్రశ్నించవచ్చు.